ఆరు వారాల చదును గీత

కయానీలో జనవరి.
తొమ్మిదిన్నర దాటితేగాని తెల్లారదు,
మూడు కాకముందే మళ్ళీ చీకటి.
ఆ మధ్య దొరికిన కాస్త వెలుతురునీ
వృత్తి విద్యా కళాశాల వెల్డింగు షెడ్డులో
నల్లద్దం వెనకే ఖర్చు పెట్టేశాను.

నా పని కొలవడం.
సైమి కుడి మణికట్టుకి ఒక పట్టీ కడతాను.
సెకనుకి రెండొందల సార్లు
ఆ చెయ్యి ఎక్కడుందో అది నాకు చేరవేస్తుంది.
పొద్దున ఆ చేతిలో ఎలక్ట్రోడ్,
సాయంత్రం ఇండోర్ మైదానంలో
వలకేసి విసిరే జావెలిన్.
ఒక పనిలో అబ్బిన ఒడుపు
ఇంకో పనిలోకి ఒలుకుతుందా?
మూడేళ్ళ నిధులూ ఈ ఒక్క ప్రశ్నకే.

ఒలకలేదు.
ముందే చెప్పేస్తున్నాను, దాచడమెందుకు.

మాస్టారు అర్వి హెయిస్కరి
రౌమా ఓడల యార్డులో సగం వినికిడి వదిలేసి వచ్చాడు.
అయినా అతుకుని చెవితోనే చూస్తాడు.
"పెనం మీద కొవ్వు వేగుతున్నట్టుండాలి.
ఇది రేకు మీద వాన. ఆపు," అంటాడు సైమితో.
నా పట్టికలో చప్పుడుకి గడి లేదు.

నవంబరులో తప్పుల గీత
మెట్లు దిగినట్టు దిగింది.
తరవాత ఆరు వారాలు
బల్ల మీద పరిచిన దారం.
"ఆ భాగం అనుబంధంలోకి నెట్టెయ్," అన్నారు
ఫోన్లో ప్రొఫెసరు,
"ఏమీ జరగనిదాన్ని ఎవరు చదువుతారు?"

ఆదివారం అర్వి నన్ను సరస్సు మీదకి తీసుకెళ్ళాడు.
బరమా తిప్పి మంచుకి కన్నం పెట్టి
కొలకర్ర దించాడు.
"డిసెంబరు మొదట్లో జానెడు లేదు,
ఇవాళ రెండు జానలు దాటింది.
పైనుంచి చూస్తే అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే.
మంచు పేరుకునేది అడుగునుంచి."
ఇంకేం చెప్పలేదు.
ఆ రోజు చేపలూ పడలేదు.

ఏడో వారం, గురువారం,
నిలువు అతుకు, కిందనుంచి పైకి.
షెడ్డులో వేపుడు చప్పుడు మొదలై
మధ్యలో ఎక్కడా తెగలేదు.
సైమి పెచ్చు రాల్చింది.
కింద, ఒకదాని మీద ఒకటి ఒరిగిన నాణేల్లా
లోహపు అలలు.
అర్వి చేతిలో కాఫీ తొణికింది.
నేను ఆగలేకపోయాను.
"ఇప్పుడేం చేశావు?"

ఆమె ముసుగు ఎత్తి
మొదటిసారి తన చేతికేసి చూసుకుంది.
"మణికట్టు కొంచెం... కాదు, మోచెయ్యి...
ఊపిరి బిగబట్టానేమో..."
తరవాతి అతుకు చీమలు తొలిచినట్టొచ్చింది.
దాని తరవాతిది ఇంకా అన్యాయం.
సాయంత్రం జావెలిన్ వల తప్పి స్తంభానికి తగిలింది.
కోచ్ రిత్వా నన్ను పక్కకి పిలిచి అడిగింది,
"పిల్లని ఏమడిగావు నువ్వు?"

నాలుగు రోజులు పట్టింది ఆమెకి
నా ప్రశ్న మరిచిపోవడానికి.
తప్పులకి కారణాల జాబితాలో
కరెంటు హెచ్చుతగ్గుల కింద, తడి ఎలక్ట్రోడ్ కింద
చేత్తో రాశాను:
పరిశోధకురాలి కుతూహలం.
ఒలకడం గురించి ఇంత వెతికితే
నా దగ్గర దొరికింది ఇదొక్కటే,
పొద్దున ఒలికి సాయంత్రందాకా పారింది.

ఇంకొకటుంది, ఏ గడిలోకీ రానిది.
పక్క బూత్‌లో నీలో,
పట్టీ లేనివాడు, ఎవరి లెక్కలోనూ లేనివాడు,
తెర సందులోంచి సైమి భుజాన్ని చూస్తూ చూస్తూ
మార్చి నెలలో ఒకనాడు
నిలువు అతుకు వేసేసి
భోజనానికి వెళ్ళిపోయాడు.
ఎప్పుడు నేర్చాడో నాకు తెలీదు.
అడగలేదు.

నివేదిక పంపాల్సిన వారం
పట్టీ నా చేతికే కట్టుకున్నాను.
అర్వి తన పాత ముసుగు ఇచ్చాడు, చెమట వాసన.
తాకించానో లేదో
ఎలక్ట్రోడ్ రేకుకి కరుచుకుపోయింది.
లాగాను. ఇంకా గట్టిగా పట్టుకుంది.
వెనకనుంచి సైమి నవ్వు,
తరవాత నా మోచేతి కింద ఆమె చెయ్యి,
మాటేమీ లేకుండా, కాస్త పైకి.

చదును గీత అనుబంధంలో లేదు.
పన్నెండో పేజీలో ఉంది.
నాది ఇంకా చదును దాకా రాలేదు.